కాలువలో ముళ్ళపంది కవర్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కొండవాలున జంతువులన్నీ కలిసి ఒక ఊరు కట్టుకున్నాయి. ఆ ఊళ్ళో సూరమ్మ అనే ముళ్ళపంది ఉండేది.

కొండ కింద వారం వారం మనుషుల సంత జరిగేది. సంత ముగిశాక జంతువులు వెళ్ళి, మిగిలిన పళ్ళూ దుంపలూ తెచ్చుకునేవి. వాటితో పాటే ప్లాస్టిక్ కవర్లూ వచ్చేవి. చివరికి ఊళ్ళో ఎక్కడ చూసినా కవర్లే! అప్పుడు ఎలుగుబంటి భల్లయ్య తాత అందరినీ పిలిచాడు.

"ఇంటికో బుట్ట పెట్టుకోండి. కవర్లు అందులోనే వెయ్యండి. సంత మర్నాడు నేనొచ్చి, అన్నీ మోసుకెళ్ళి మనుషుల చెత్తకుండీ దగ్గర పడేస్తాను," అన్నాడు.

జంతువులన్నీ సరేనన్నాయి. సూరమ్మా తలూపింది.

మొదటి వారం సూరమ్మకు ఒళ్ళు బద్ధకించింది. కవర్లను ఇంటి వెనక వాననీటి కాలువలోకి తోసేసింది. రెండో వారం బుట్ట అల్లే తీరిక లేదనుకుంది. మూడో వారం, కింది బొరియలో ఉండే కుందేలు దూది చూడనే చూసింది.

"అదేంటి సూరమ్మక్కా, కాలువలో వేస్తున్నావు?"

"ఓసి పిచ్చిదానా! ఊరంతా బుట్టల్లోనే వేస్తోందిగా. నా నాలుగు కవర్లకే కొండ మునిగిపోతుందా?"

దూది తన బొరియకు వెళ్ళిపోయింది. ఇరుగుపొరుగుతో తగువెందుకులే అనుకుంది. దాని ముగ్గురు పిల్లలు అప్పటికింకా కళ్ళు తెరవలేదు.

రెండు రోజులకే కుండపోతగా వాన పట్టింది. కాలువలో కవర్లు రాళ్ళ సందున అడ్డం పడ్డాయి. దారి లేని నీళ్ళు పక్కకు తిరిగి దూది బొరియలోకి జొరబడ్డాయి. మేతకు వెళ్ళిన దూది పరుగున వచ్చేసరికి ఒక్క పిల్లే ప్రాణంతో మిగిలింది.

వాన వెలిశాక భల్లయ్య తాత కాలువలోంచి కవర్లు లాగాడు. అన్నిటికీ సూదిబెజ్జాలే. సూరమ్మ సంత నుంచి కవర్లను ముళ్ళకు గుచ్చుకుని తెచ్చేది మరి.

"ఎవరివర్రా ఇవి?" అని అడిగాడు తాత. చూపు సరిగా ఆనక ఆ బెజ్జాలను పోల్చుకోలేదు.

తను నోరు మెదపకపోతే తప్పు వాన మీదికే పోతుందని సూరమ్మకు తెలుసు. కానీ దూది ఒడిలో చల్లబడిన ఆ రెండు పసికూనలను చూశాక ఉండలేకపోయింది.

"నావే తాతా," అంది. "దూదీ, నన్ను తిట్టవే. కొట్టవే."

దూది తిట్టలేదు. కొట్టలేదు.

"ఆ రోజు నిన్ను గట్టిగా అడగాల్సింది అక్కా. మొహమాటపడ్డాను," అంది. మిగిలిన బిడ్డను నోట కరుచుకుని వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఊరి బుట్టలన్నీ సూరమ్మే మోసింది. ఎండనక, వాననక గడప గడపకూ తిరిగింది. దూది తన బుట్టను గుమ్మం బయట పెట్టేది. "దూదీ!" అని సూరమ్మ ఎన్నిసార్లు పిలిచినా లోపలి నుంచి జవాబు వచ్చేది కాదు.

నీతి: నలుగురూ చేస్తున్నారు కదా అని మన వంతు పని మానేస్తే, ఆ కీడు పొరుగింటి గడప తొక్కుతుంది. ఆనక ఎంత ఏడ్చినా పోయిన ప్రాణం తిరిగి రాదు.