పాఠం అయిపోయిన చోట

పిల్లకు వరస తప్పకుండా పాఠం చెప్పాలా, బొమ్మ చేతికిచ్చి దాని దారిన వదిలెయ్యాలా అని తులజారావు అడిగితే, తోలుబొమ్మలాట నేర్పే నాగోజీ పట్టపగలే కొట్టం తలుపులు మూయించి, తెర వెనక దీపం పెట్టించాడు.

తులజారావు ఆయన దగ్గరే ఆట నేర్చుకుని, బతుకుతెరువుకు సూరత్‌లో బట్టల మిల్లుకు వెళ్లినవాడు. తల్లి లేని కూతురు యమున గురువుగారింట్లోనే పెరుగుతోంది. తను దగ్గర లేకపోవడంవల్ల పిల్ల చేతిలోంచి విద్య జారిపోతుందేమోనని అతనికి నిద్ర పట్టేది కాదు. అందుకే అశోకవనంలో సీత పాడే పాటను ముక్కలు చేసి, ఒక్కో ముక్కా ఫోనులో పాడి పంపేవాడు. ఒకటి వచ్చాకే రెండోది. ఇప్పుడతను సెలవు పెట్టి వచ్చింది, మిగిలిన సగం దగ్గరుండి నేర్పి పోదామని.

తెర వెనక యమున బొమ్మ పట్టింది, తెర మీద సీత నీడ లేచింది. నాగోజీ ఇవతల కూర్చుని, కాలికింది చెక్కపలక మీద తాళం మొదలుపెట్టాడు. పాట వినబడగానే తులజారావు ఒళ్లు జలదరించింది. ఆ గొంతు తనది. పదకొండేళ్ల పిల్ల నోట తన బొంగురు, తన ఎగఊపిరి. రెండో చరణం మధ్యలో సీత ఆగి, పొడిగా దగ్గింది. మిల్లులో దూది పీల్చినవాడి దగ్గు. నీడ భుజం కూడా దానికి తగ్గట్టే అదిరింది.

"దగ్గు కూడా నేర్పినావే," అన్నాడు నాగోజీ. "తాళంలోనే పడుతోందిలే."

తులజారావుకు నవ్వు రాలేదు. తను సూరత్‌లో ఎప్పుడో చచ్చిపోయి, ఇక్కడ ఈ తోలుముక్కలో తిరుగుతున్నట్టు అనిపించింది.

పంపిన పాఠం అయిపోయింది. సీత కదలకుండా నిలబడింది. పలక మీద నాగోజీ కాలు మాత్రం ఆగలేదు. కాసేపటికి నీడ సన్నబడి, గీతలా మారి, రెండోవైపు తిరిగింది. అప్పుడొక గొంతు లేచింది. అది తనది కాదు, గురువుగారిది కాదు, పోయిన భార్యదీ కాదు. సీత కాపలా రాక్షసస్త్రీలను అడుగుతోంది, మీరు అన్నాలు తిన్నారా అని. అలాంటి మాట తను నేర్చిన పాటలో ఎక్కడా లేదు. రెండుసార్లు తాళం జారింది. కాలు దానికోసం నెమ్మదించలేదు. గొంతు చీకట్లో తడుముకున్నట్టు తడుముకుని మళ్లీ అందుకుంది.

"ఎవరి గొంతండీ అది?" గుసగుసగా అడిగాడు తులజారావు.

"నాకూ తెలీదు. నేనూ ఇప్పుడే వింటున్నా."

"మళ్లీ జారింది చూడండి. దారి తప్పిపోతుందయ్యా. ఒక్క మాట అందిస్తాను." అసలు పాటలోని తరవాతి మాట అతని నాలుక మీదే ఉంది. సగం లేచాడు.

నాగోజీ కాలు ఆపకుండానే అతని మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు పంపిన పాఠం మీద నడిచే పిల్ల అది దాటి ఇంత దూరం పోయింది. ఇప్పుడు నువ్వు పిలిస్తే వెనక్కి వచ్చేస్తుంది, తులజా. రాకుండా ఉండదు. నా భయమంతా అదే."