గుల్లలు నాటిన దేసమ్మ

అది ఏటికి తెలిసిన కాలం, మనకు తెలియని కాలం. మాఘ బహుళ పంచమి, గురువారం, పొద్దు బారెడెక్కిన వేళ. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడలంక అనే ఊళ్లో, దేసమ్మ కన్నుమూసింది. తాటాకు పాక తప్ప ఆమెకు ఆస్తి లేదు. అయినా పేరు నిలిచింది. ఎలా నిలిచిందో కోడలు రాములమ్మకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

రాములమ్మ కాపురానికొచ్చిన కొత్తలో మొగలో కాలు పెడితే గుల్లలే. మాంసం కూరకి, చిప్ప సున్నానికి. సున్నపు బట్టీలు లేచాక జనం పారలు పట్టారు. పెద్దవి తీశారు, చిన్నవి తీశారు, గోరంత పిల్లల్నీ తీశారు. మూడేళ్లకు మొగ బోడైపోయింది. కుండలో గంజి పలచబడింది. ఊరు వలసకు మూటలు కట్టుకుంటోంది.

దేసమ్మ అవతలి ఒడ్డున వరి నాట్లకు కూలికి పోయేది. కిక్కిరిసిన నారు తీసి ఎడంగా నాటితేనే దుబ్బు కడుతుందని ఆమెకు తెలుసు. మడచెట్ల వేళ్ల మధ్య గుత్తులుగా గుల్ల పిల్లలు ఎదగలేక ఇరుక్కుని ఉంటే చూసింది. బుట్టకెత్తుకొచ్చి మొగలో జానెడు ఎడంతో నాటింది.

"ఏటే దేసమ్మా, సముద్రానికి నాట్లేస్తన్నావా? కోతలకు మమ్మల్నీ పిలువు" అన్నారు ఆడవాళ్లు.

"పిలుస్తాన్లే. కొడవళ్లు నూరుకోండి."

మొదటిసారి నాటితే పోటు ఎత్తుకుపోయింది. రెండోసారి నాటితే పీతలు తినిపోయాయి. మూడోసారి చుట్టూ మడకొమ్మలతో దడి కట్టి నాటింది. మూడుసార్లూ ఒకటే మాట: "గంగమ్మ తల్లీ, నాటడం నా వంతు, నిలపడం నీ వంతు."

నిలిచాయి. గోరంతవి ఉసిరికాయంత అయ్యాయి.

అప్పుడు మూడు రోజులు గాలివాన. పడవ కదల్లేదు. రాములమ్మ చంటిపిల్లకు పాలు చాలడం లేదు. దేసమ్మ కొడుకు మసేను పార పట్టుకుని మొగలో దిగాడు. దేసమ్మ అతనికంటే ముందే పోయి దడిలోపల నీళ్లలో చతికిలబడింది.

"లెగమ్మా. పిల్ల ఏడుస్తంది."

"నాకు చెవుల్లేవా? నెల తిరిగితే ఇవి గుడ్లు వదుల్తాయి. అందాకా ముట్టకు. కాదంటే ముందు నన్ను తవ్వు."

"నెలదాకా పిల్లేం తాగుద్ది?"

"నా గంజి కూడా కోడలికి పొయ్యి."

ఒడ్డునున్న రాములమ్మ ఆ రోజు అత్త మొహం చూడలేదు. కానీ ఆ నెలంతా అత్త ఉప్పునేల మీది ఆకు ఉడకబెట్టుకుని తినడం చూసింది. పిల్ల బతికింది. గుల్లలు గుడ్లు వదిలాయి. రెండేళ్లకు మొగంతా నిండింది. మూటలు విప్పుకున్న ఊరు దేసమ్మ మాటకు కట్టుబడింది: గుడ్ల మాసంలో తవ్వరాదు, పిల్లల్ని తిరిగి నాటాలి.

ఆమె చనిపోయిన గురువారం తెల్లవారుజామున కూడా నాటడానికి గుల్ల పిల్లల్ని ఏరి తెచ్చింది. నాటకుండానే పోయింది.

మర్నాడు శుక్రవారం. మైల ఇల్లు, పొయ్యి వెలగలేదు. మసేను మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు. తడిగోనె కప్పిన బుట్టను రాములమ్మ నెత్తికెత్తుకుంది.

కులపెద్ద అడ్డొచ్చాడు. "మైలతో గంగమ్మను తాకకూడదమ్మా. పదకొండు రోజులు దాటనీ."

"ఇవి పదకొండు రోజులుండవు మావా."

పెద్దాయన గోనె ఎత్తి చూశాడు. రెండు మూడు గుల్లలు అప్పటికే నోళ్లు తెరుస్తున్నాయి. గోనెను మళ్లీ కప్పాడు. "నాట్లకి మైల లేదు, పద" అని పక్కకు తప్పుకున్నాడు.

ఆ మాట మడలంకలో ఈనాటికీ అంటారు. ఏ ఇంట ఎవరు పోయినా, మర్నాడు పోటు తగ్గి నీళ్లు తీసిన వేళకు ఆ ఇంటివాళ్లు మూడు దోసిళ్ల గుల్ల పిల్లల్ని మొగలో నాటి వస్తారు.

ఆ మొదటి శుక్రవారం మసేను దడి సరిచేశాడు. రాములమ్మ నడుం వంచి ఒక గుల్లను నాటింది. జానెడు జరిగి ఇంకోటి నాటింది.