నీళ్ళు పోస్తే కనబడే కౌజుపిట్ట

జోర్డాన్ దేశంలో, రోమీయుల రాతి స్తంభాలు విరిగి పడివున్న ఒక గుట్టమీద, పైకప్పు లేని పాత క్రైస్తవ గుడి ఒకటుంది. పొద్దున బస్సులో వచ్చే మన తెలుగు యాత్రికులు సాయంత్రానికల్లా తిరిగిపోతారు. ఆ గుడి నేలంతా రంగురాళ్ళు పొదిగి తీర్చిన పిట్టలే! అన్నీ జంటలే. వాకిట్లోని కౌజుపిట్ట మాత్రం ఒంటరిది. దాని పక్కన జానెడు చోటు ఖాళీగా కనబడుతుంది.

పూర్వం ఇక్కడ ఈ నేల తీర్చినవాడు సిల్వాను. చెయ్యి తిరిగిన పనివాడే గానీ, రాళ్ళ రంగు తేల్చడం భార్య యునీకే వంతు. వాగులో ఏరేది ఆమే, కడిగి ఎండబెట్టి రంగుల వారీగా వేరు చేసేదీ ఆమే. ఎంత చేస్తేనేం, దాతల పేర్లే గానీ పనివాళ్ళ పేర్లు నేలమీద ఉండకూడదన్నారు బిషప్పుగారు. జ్వరంతో మంచాన పడ్డాక ఆమె భర్తను ఒక్కటే అడిగింది.

"పేరొద్దులే. వాకిట్లో కౌజుకు జంటగా నన్ను పెట్టవయ్యా. నేనేరిన రాళ్ళతోనే పెట్టు."

ఆమె పోయింది. ఇల్లు బావురుమంది. అన్నం తిన్నావా అని అడిగే దిక్కు లేదు సిల్వానుకు. ఆమె చివరగా ఏరిన రాళ్ళు తొట్టి నీళ్ళలో ఎర్రగా, నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆరాక గానీ అసలు రంగు తెలియదని చెప్పే మనిషి లేదాయె! తడివి తడిగానే కౌజు పక్కన పిట్టగా పొదిగేశాడు. తెల్లారేసరికి అవి ఆరి, చుట్టూ ఉన్న నేల రంగులో కలిసిపోయాయి.

ఆ మరునాడే పండుగ. బిషప్పుగారు వచ్చి చూసి మండిపడ్డారు.

"ఖాళీగా వదిలేశావేమయ్యా? ఇది తవ్వించి సిలువ వేయిస్తాను."

"నీకు పిట్టంత చోటైనా ఇవ్వలేకపోయానే!" అని సిల్వాను కుళ్ళి కుళ్ళి ఏడ్చాడు. పని ముగిశాక నేల కడగడం వాళ్ళ ఆనవాయితీ. తవ్వేలోపు అదొక్కటైనా చేద్దామని యునీకే వాడిన కడవ తెచ్చి నీళ్ళు పోశాడు.

పోశాడో లేదో, కౌజు పక్కన మరో కౌజు! బిషప్పుగారు వంగి ఆ పిట్టను వేలితో తడిమి చూశారు. తర్వాత "ఉండనీ" అని గడ్డపార పట్టినవాణ్ణి పంపించేశారు.

నేటికీ యాత్రికులు తమ సీసాలోంచి దోసెడు నీళ్ళు అక్కడ పోస్తారు. తోడు లేకుండా వచ్చినవారిదే మొదటి దోసిలి. వారి గుండె కుదుటపడుతుందని నమ్మకం. నీళ్ళు ఆరకముందే వెనుదిరగాలి, పిట్ట మాసిపోవడం చూడకూడదు. సిల్వాను మాత్రం బతికినన్నాళ్ళూ రోజూ వచ్చి నీళ్ళు పోసి, పూర్తిగా ఆరేదాకా కూర్చుని, ఖాళీ కడవతో ఇంటికి పోయేవాడట.