కల్లుపాక సాక్ష్యం

కోటవీధిలో వాంతిభేదులు మొదలై ఇంటికొకరు మంచం పట్టారు. రాజుగారి జలపరీక్షాధికారి విరూపాక్షయ్య వీధిబావి నీళ్లు వెండిగిన్నెలో తెప్పించుకుని వాసన చూశాడు.

"నీళ్లు నిక్షేపంలా ఉన్నాయి ప్రభూ! ఇది జనం చేసుకున్న పాపం. ముందు ఆ కల్లుపాక మూయించండి," అన్నాడు.

కల్లు అమ్మే పైడమ్మకు ఒళ్లు మండింది. అయినా చేతులు కట్టుకునే అడిగింది.

"పాపానికే రోగమొస్తే ముందు నా పాకలోవాళ్లు పోవాలి కదా మారాజా? వాళ్లంతా గుండ్రాళ్లలా ఉన్నారు. నిష్ఠగా ఆ బావినీళ్లు తాగినోళ్లే పడ్డారు. మావాళ్లు నీళ్లు ముట్టి ఎన్నాళ్లయిందో!"

రాజుగారు బావి మూయించారు.

విరూపాక్షయ్య ఇంటికీ ఆ బావి నీళ్లే. సాయంత్రానికి ఆయన ముఖానికి కండువా చుట్టుకుని పాకకొచ్చి, "ఒక ముంత..." అని గొణిగాడు.

"వాసన చూసుకోండి బాబూ," అంది పైడమ్మ.