గట్టు దాటిన సోంపాకు

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో నీడపట్టున పారే ఒక వాగు. ఆ ఒడ్డున గంగులు అనే నీటికుక్క చేపలు పట్టుకుని బతికేవాడు. పక్క మడిలో ఈరమ్మ అనే అడవిపంది చేమదుంపలు పండించుకునేది. మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు. వానాకాలమంతా ఆ దుంపలే వాళ్ల కూడు.

ఒకసారి వలస వచ్చిన కొంగ ఒకటి గంగులుకి మెక్సికో దేశపు మొక్క పిలక ఇచ్చింది. నీడలో, తడి నేలలో నాటమంది. నాటాడు. చూస్తుండగానే ఆకులు ఏనుగుపిల్ల చెవులంత అయ్యాయి. నలిపితే సోంపు వాసన, వెనకే మిరియం ఘాటు. అందరూ దాన్ని సోంపాకు అన్నారు. గంగులు చేపను ఆ ఆకులో చుట్టి నిప్పుల మీద కాల్చేవాడు. ఆ వాసనకి అడవంతా అతని గుమ్మంలోనే ఉండేది.

అయితే ఆ మొక్క వేళ్లు నేల కింద పాకుతాయి. ఈరమ్మ మడిలో పిలకలు లేచాయి. ఆమె వచ్చి చెప్పుకుంది. గంగులు నవ్వి, ఊరికే వచ్చింది కదా, కూర వండుకోమన్నాడు.

మళ్లీ వచ్చింది. ఎంత పీకినా లేస్తున్నాయని, దుంప ఊరడం లేదని చెప్పింది. గంగులుకి చిర్రెత్తింది.

"ఈ ఆకు కోసం ఎలుగుబంటి బావ కొండ దిగి వస్తున్నాడు. నీ ముంగిట్లోకే వస్తే నీకు ఏడుపా?" అన్నాడు.

విన్నారా పిల్లలూ, ఆ మాట? మంచి ఆకే, ఎవరు కాదన్నారు? పక్కింటి కూడు తోసేసి కూర్చుంటే ఆ మంచితనాన్ని ఏం చేసుకోవాలి? ఆకలి ఎరిగినవాళ్లకి అలాంటి మాట ఎంత మండుతుందో తెలుసు.

మూడోసారి ఈరమ్మ రాలేదు. ఎలుగుబంటికి విందు పెడుతూ, ఆమెను కూడా పిలుద్దామని గంగులే వెళ్లాడు. ఈరమ్మ మడి తవ్వుతోంది. దుంపలు ఉసిరికాయలంత కూడా లేవు. పిల్లలిద్దరూ ఉడికించిన సోంపాకు నములుతున్నారు.

"అమ్మా, ఇందులో చుట్టడానికి ఏమీ లేదా?" అని చిన్నది అడుగుతోంది.

మొక్కను మొదలంటా పీకేస్తానన్నాడు గంగులు.

"చంపమని నేనెప్పుడన్నాను అన్నా? నీ గట్టు లోపల ఉంచుకోమన్నాను, అంతే," అంది ఈరమ్మ.

ఆ పూటే పనిలో దిగాడు. ముందు ఆమె మడిలోని వేళ్లన్నీ ఏరాడు. చిన్న తునక మిగిలినా మళ్లీ లేస్తుంది మరి. తర్వాత తన గట్టు వెంట లోతుగా తవ్వి పలకరాళ్లు నిలబెట్టాడు. విందుకొచ్చిన ఎలుగుబంటి గొణుక్కుంటూనే రాళ్లు మోశాడు. గంగులు గోళ్లు అరిగిపోయాయి. అయినా ఆ ఏటి పంట పోయినట్టే పోయింది. అందుకే వానాకాలమంతా తన వేటలో సగం ఈరమ్మ ఇంటికి మోశాడు.

మొదటి రోజు ఉత్త చేపలే తెచ్చి, తల వంచుకుని గుమ్మంలో పెట్టాడు.

"ఆకు ఏది అన్నా?" అంది ఈరమ్మ. "నా కోపం ఆకు మీద కాదు."

నీతి: మనకెంత ఇష్టమైనదైనా పొరుగువాళ్ల కూటికి అడ్డం రాకుండా చూసుకోవలసింది మనమే. వాళ్లు వచ్చి మొరపెట్టుకునేదాకా ఆగకూడదు.