కోటకు పాట

అప్పలస్వామి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏ ప్రశ్న అడిగినా ఆయన జవాబు చెప్పేవారు కాదు. బల్ల మీది బంట్లన్నిటినీ మళ్లీ వాటి వాటి చోట్ల నిలబెట్టి, కూర్చోమనేవారు. ఆటలో జవాబు దొరికినవాళ్లు దొరకబుచ్చుకునేవారు. దొరకనివాళ్లు ముసలాయనకు చాదస్తం ముదిరిందని గొణుక్కుంటూ ఇంటికి పోయేవారు. అయితే రేవులపాడులో ముట్టడి ఆట నేర్చుకోవాలంటే మరో గుమ్మం లేదు గనుక, గొణుక్కున్నవాళ్లు కూడా మర్నాటికి తిరిగి వచ్చేవారు.

ముట్టడి అంటే యుద్ధపు ఆట. మంచమంత బల్ల మీద ఒక కొసన కోట ఉంటుంది, దాని చుట్టూ కందకం, తక్కినదంతా మైదానం. బంట్లు లక్కపూత పూసిన చెక్క బొమ్మలు. ఒకరు యాభైమంది బంట్లతో కోటలో ఉంటారు. ఎదుటివారు ఎనభైమంది దండుతో వచ్చి పడతారు. ముందుగా అనుకున్నన్ని ఎత్తులు అయిపోయేలోగా దండు కోటగుమ్మం దాటితే దండుది గెలుపు, దాటలేకపోతే కోటది. చూసేవారికి యాభై కన్నా ఎనభై ఎక్కువగానే కనిపిస్తుంది. ఆడినవారికి మాత్రం తెలుసు, గోడ చాటునున్న ఒక్క బంటు బయట ఎండలో నిలబడ్డ ఇద్దరి పెట్టని.

కాత్యాయని ఆ సంగతి ఆడి తెలుసుకున్నది. ఆమె జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. మాస్టారి దగ్గర చేరిన కొద్ది కాలానికే ఊళ్లో జరిగే వేసవి పోటీల్లో చివరి ఆట దాకా వెళ్లింది. ఆ తర్వాత ఏటా వెళుతూనే ఉంది, ఏటా చిదంబరరావు గారి చేతిలో ఓడుతూనే ఉంది. చిదంబరరావు గారు ఆట సంఘానికి అధ్యక్షులు, పోటీలు జరిగే హాలు కూడా ఆయనదే. అక్కడొక రివాజు ఉంది. ఏ బల్ల దగ్గరైనా, నిరుడు పై స్థానంలో నిలిచినవారే తమకు కావలసిన పక్షం కోరుకుంటారు. వాళ్లు కోటనే కోరుకుంటారు. కోట గెలుస్తుంది. గెలిచినందువల్ల మళ్లీ ఏడాదికి కోరుకునే హక్కు వాళ్లదే అవుతుంది.

ఆ ఏడు పోటీలకు ముందు జరిగిన సంఘం సమావేశంలో ఆమె లేచి ఈ మాటే చెప్పింది. తనకు తెలిసిన చివరి ఆటలన్నిటిలోనూ కోటే గెలిచిందని, ఇది ఆట కాదని, ఉన్నవాడికే మళ్లీ వడ్డించడమని చెప్పింది. చిదంబరరావు గారు శ్రద్ధగా విన్నారు. ఆయన ఎవరి మాటా మధ్యలో తుంచరు.

"కోట గెలిచిందంటే కోటలో కూర్చున్నవాడు బాగా ఆడాడని అర్థం తల్లీ. రెండు పక్షాలూ సమానమే. మా నాన్నగారి రోజుల నుంచీ ఇంతే," అన్నారు ఆయన చిరునవ్వుతో.

అందరూ తలలూపారు. ఏళ్ల తరబడి దండు పక్షాన ఆడి ఓడుతూ వచ్చినవాళ్లు కూడా ఊపారు. బట్టల కొట్టు సన్యాసిరావు వెనక వరసలోంచి, దండు నడపాలంటే గుండె ధైర్యం కావాలి మేడమ్ అన్నాడు. హాలంతా నవ్వింది. కాత్యాయని కూర్చుంది. ఆమెకు ఓటమి కొత్త కాదు, నవ్వులూ కొత్త కాదు. ఏటా గెలిచాక చిదంబరరావు గారు మజ్జిగ తెప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె ఎక్కడెక్కడ పొరపాటు చేసిందో ఎంతో ఆప్యాయంగా వివరించేవారు. ఆ ఆప్యాయత గుర్తొస్తే మాత్రం ఆమెకు ఒళ్లు మండిపోయేది.

అక్కడి నుంచి ఆమె ఆ ఎండలోనే నేరుగా మాస్టారి ఇంటికి వెళ్లింది. చెప్పులు విడుస్తూనే అడిగింది.

"లాభపడుతున్నవాడి చేత అది అన్యాయమని ఒప్పించడం ఎలాగ మాస్టారూ?"

మాస్టారు మంచినీళ్లు ఇచ్చారు. తర్వాత ఎప్పటిలాగే బంట్లను సర్దారు. ఆమెకు కోట ఇచ్చారు. ఆట మొదలుపెట్టే ముందు కోటలోంచి ఒక బంటును తీసి బల్ల అంచున పెట్టి, ఇప్పుడు నీకు కోట కావాలా దండు కావాలా అని అడిగారు. కోటే అంది ఆమె. ఇంకొక బంటును తీశారు. అప్పుడూ కోటే. అలా ఒక్కొక్కటే తీస్తూ, తీసినప్పుడల్లా అదే ప్రశ్న అడుగుతూ పోయారు. తొమ్మిదో బంటు పోయేసరికి ఆమె జవాబు నెమ్మదించింది. పదోది పోయాక చాలాసేపు బల్ల వంక చూసి, కోటే అంది కానీ మనసు ఒప్పలేదు. పదకొండోది తీయగానే, ఇక నాకు దండే ఇవ్వండి అంది. మాస్టారు తల పంకించి, బంట్లన్నీ పెట్టెలో వేసి మూత పెట్టేశారు. ఆనాడు ఆట ఆడనే లేదు.

కాత్యాయనికి ఆయన మీద కూడా కోపం వచ్చింది. నేను అన్యాయం గురించి అడిగితే మీరు నా చేత చిన్నపిల్లలా అంకెలు లెక్కపెట్టించారని పైకే అనేసింది. మాస్టారు నొచ్చుకోలేదు. ఆమె విసురుగా వెళ్లిపోయింది.

పోటీలు మొదలైన రోజున మాస్టారు హాలుకు వచ్చారు. ఆయన అక్కడికి రావడం అరుదు. చిదంబరరావు గారు స్వయంగా ఎదురు వెళ్లి కుర్చీ వేయించారు. నిరుటి విజేత, ఆయన చేతిలో ఓడినవారు తొలి ఆట ఆడటం అక్కడి మర్యాద. ఇద్దరూ బల్లకు అటూ ఇటూ నిలబడగానే మాస్టారు లేచి, ఒక్క మాట చెప్పడానికి సెలవిమ్మన్నారు.

రెండు పక్షాలూ సమానమని సంఘం తేల్చినట్టు విన్నానని, తనకూ సంతోషమేనని మొదలుపెట్టారు. కాత్యాయని ముఖం ఎర్రబడింది. చివరికి ఈయన కూడానా అనుకుంది. మాస్టారు మాత్రం తొణక్కుండా చెప్పుకుపోయారు. పక్షాలు సమానమైనప్పుడు కోరుకునే హక్కు ఎవరికున్నా ఒకటే గనుక, ఈసారి దాన్ని పాటలో పెడదామన్నారు. చీటీ పాటలో ఎక్కువ వదులుకున్నవారికి చీటీ దక్కినట్టే, కోట కావాలన్నవారు కోటలోంచి ఎందరు బంట్లను వదులుకుంటారో చెప్పాలి. ఎక్కువ వదులుకున్నవారికి కోట. ఎదుటివారికి పూర్తి దండు. ఎవరూ ఏమీ వదులుకోకపోతే బొమ్మా బొరుసూ వేసుకోవచ్చు.

చీటీ పాట తెలియనివాడు ఆ హాల్లో ఒక్కడూ లేడు. అభ్యంతరం చెప్పాలంటే పక్షాలు సమానం కావని చెప్పాలి. చిదంబరరావు గారు అటూ ఇటూ చూశారు. సరదాగా ఉంటుంది, కానివ్వండి అన్నారు.

ఆనాడు మాస్టారు తన చేత బంట్లను ఎందుకు లెక్కపెట్టించారో కాత్యాయనికి అప్పుడు అర్థమైంది. ఆమె కోట కోసం ఒక బంటును వదులుకుంటానంది.

చిదంబరరావు గారి మాట ప్రకారం చూస్తే అది ఆయనకు ఊరికే కలిసొచ్చిన ఒక బంటు లాభం. ఆయన దండు తీసుకుని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. నవ్వుతూనే రెండు అన్నారు. ఆమె మూడు అంది. ఆయన నాలుగు అన్నారు. ఆరు దగ్గర ఆయన నవ్వు తగ్గింది. ఎనిమిది దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆమె తొమ్మిది అంది. ఆయన ముందుకు వంగి, కోటగుమ్మం మీద చెయ్యి వేసి, పది అన్నారు.

పదిహేను దాకా లాక్కుపోవాలని కాత్యాయనికి నాలుక చివర దాకా వచ్చింది. ఇన్నేళ్ల మజ్జిగ గొంతులో అడ్డం పడ్డట్టు ఉంది. ఆయన చేత ఇంకా ఇంకా వదిలించాలని ఉంది. కానీ ఆయన మధ్యలో ఆగిపోతే, గోడ కాయడానికి చాలని బంట్లతో ఆ కోట తన నెత్తిన పడుతుంది. దండు నాకు చాలునంది ఆమె.

కోటలోంచి పదిమంది బంట్లను తీసి బల్ల అంచున వరసగా నిలబెట్టారు. అందరూ ఆట కన్నా ఆ వరసనే ఎక్కువసేపు చూశారు.

ఆట ఎండ వాలేదాకా సాగింది. దండు రెండు చోట్ల కందకం పూడ్చింది, ఉత్తరపు గోడ ఎక్కింది, గుమ్మం లోపలికి ఒక్క అడుగు పడాల్సి ఉండగా ఎత్తులు అయిపోయాయి. కాత్యాయని ఓడిపోయింది. తొందరపడి కుడివైపు బంట్లను ఖర్చు చేశానని ఆమెకే తెలుసు, ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఇన్నేళ్లలో అది అచ్చంగా తనదే అయిన మొదటి ఓటమి. చిదంబరరావు గారు నుదురు తుడుచుకుని, ఆమెకు నమస్కారం పెట్టి, ఏ పాఠమూ చెప్పకుండా లోపలికి వెళ్లిపోయారు.

ఆమెను కుదిపేసింది ఓటమి కాదు, ఆ తర్వాత చూసినది. తక్కిన బల్లల వాళ్లు తమకూ పాట కావాలన్నారు. ఒక్కొక్క బల్ల దగ్గరా పాట మొదలైంది. ఒకచోట తొమ్మిదికి ఆగింది, మరొకచోట పదికి, ఇంకొకచోట మళ్లీ తొమ్మిదికి. ఎవరూ ఎవరినీ అడగలేదు, ఎవరూ తడుముకోలేదు. ఎన్నాళ్లుగానో లోపల దాచుకున్న అంకెను బయటికి తీసినట్టు చెప్పారు. దండుకు గుండె ధైర్యం కావాలన్న సన్యాసిరావయితే, ఆ దండు తన వాటాకు రాకుండా తప్పించుకోవడానికి పదకొండుమందిని వదులుకున్నాడు.

తిరిగి వెళ్లేటప్పుడు కాత్యాయని మాస్టారి పక్కన నడిచింది. రైలుగేటు పడి ఉంటే ఆగారు. అక్కడ ఆమె కోపం పట్టుకోలేకపోయింది. చిదంబరరావు గారు అబద్ధం ఆడారంటే అర్థముంది, ఆయనకు లాభం ఉంది అంది. తలలూపిన తక్కినవాళ్ల సంగతేమిటి? ఏటా ఓడుతూ, ఏటా సమానమేనంటూ, తాను లేచి నిలబడితే నవ్వినవాళ్లు. అందరికీ తెలుసు. కోట ఎంత ఎక్కువో బంటుతో సహా తెలుసు. తెలిసి కూడా ఒక్కడైనా నోరు విప్పలేదు. ఆ రోజు నేను అంతగా అడిగానే మాస్టారూ అంది.

గూడ్సు బండి వెళ్లిపోయింది. గేటు లేచాక, దాటబోతూ మాస్టారు అన్నారు.

"ఆ రోజు నువ్వు వాళ్లను న్యాయం అడిగావమ్మా. ఇవాళ మనం వెల అడిగాం."