సూది నిలిచిన చోటు

చినకోటయ్య గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "ఉండు, చూద్దాం" అనేవారు. ఆ చూడటం ఒక్కోసారి గంటలో అయిపోయేది, ఒక్కోసారి ఏడాది పట్టేది.

శ్రీహరి ఆయన దగ్గర నాదస్వరం నేర్చుకోబట్టి పదకొండేళ్లు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. గురువు గారికి ఊపిరితిత్తుల్లో కఫం పట్టి గుడిలో ఊదడం మానేసిన దగ్గర్నించీ, స్వామివారి కల్యాణానికి తననే పంపుతారని అతని ఆశ. ఆయనేమో విన్న ప్రతిసారీ "ఇంకా ఉంది" అంటున్నారు. కల్యాణం తొమ్మిది రోజుల్లోకి వచ్చేసింది. ఆ పొద్దున ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"అయ్యా, ఫోను ముందు పెట్టుకుని షడ్జం పట్టాను. అందులో శ్రుతి చూపే సూది వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఇంకా ఏముంది?"

"ఉండు, చూద్దాం" అన్నారాయన దగ్గుతూ.

అంతలో ఎస్తేరమ్మ వచ్చింది. ఊపిరి వ్యాయామాలు చేయించే మనిషి, వారానికోసారి ఇంటికి వస్తుంది. కఫం కదలడానికని ఆవిడే ఆయనకు పిడికిట్లో పట్టే పరికరం ఒకటి ఇచ్చింది. అందులోకి ఊదితే లోపల బిళ్ళ టపటపా కొట్టుకుని, ఆ అదురు వెనక్కి రొమ్ములోకి పోవాలి. ఎంత గట్టిగా ఊదాలో తెలియడానికి పక్కన గడియారమంత మీటరు. సూది పదికీ ఇరవైకీ మధ్య ఆడాలి.

మొదటి రోజు ఆయన విన్లేదు. "అరవై ఏళ్లు ఊదినవాణ్ణి. నాకు ఊదడం నేర్పుతావటమ్మా!" అని ఒక్క ఊపు ఊదేసరికి సూది చివరికంటా పోయింది, ఆయన కళ్లు తిరిగి మంచం మీద కూలబడ్డారు. ఆ తర్వాత పట్టుబట్టి సూదిని లొంగదీసుకున్నారు.

"సూది బాగానే నిలబడుతోంది తల్లీ. జ్వరం కూడా బాగానే నిలబడుతోంది" అంది ఆయన భార్య తిరుపతమ్మ. "ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చమన్నాడు డాక్టరు."

"ఏదీ, ఒకసారి ఊదండి బాబాయి గారూ."

ఊదారు. సూది పదిహేను దగ్గర మేకు కొట్టినట్టు నిలిచిపోయింది. శ్రీహరికి గర్వంగా అనిపించింది. ఎస్తేరమ్మ మాత్రం సూది వంక చూడలేదు. ఆయన వీపు మీద అరచెయ్యి ఆనించి, మొహంలోకి చూసి ఫక్కున నవ్వింది.

"ఇదా సంగతి! మీ బుగ్గలు చూడండి, బూరెల్లా పొంగాయి."

నాదస్వరం ఊదేవాళ్లు బుగ్గల్లో గాలి దాచుకుంటారు, పాట మధ్యలో తెగకుండా. అరవై ఏళ్ల అలవాటు. ఆయనకే తెలియకుండా ఇక్కడా అదే చేస్తున్నారు.

"అదురంతా బుగ్గల్లోనే తిరిగి పోతోంది. లోపలున్న కఫానికి ఇంకా కబురే అందలేదు" అంటూ చంటిపిల్లాడికి పట్టినట్టు రెండు బుగ్గలూ ఒడిసిపట్టింది. "ఇప్పుడు ఊదండి."

సూది అయిదుకు పడింది, పాతికకు ఎగిరింది. ఆయన కళ్లెర్రజేశారు. తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన పరికరం తీసి "నవ్వు, నవ్వు" అనేసి, మళ్లీ నోట్లో పెట్టుకున్నారు. ఆరోసారో ఏడోసారో సూది పదికీ ఇరవైకీ మధ్య వణుకుతూ నిలదొక్కుకుంది.

"శ్రీహరీ, ఇక్కడ చెయ్యి పెట్టు" అంది ఎస్తేరమ్మ.

పదకొండేళ్లలో గురువు గారి వీపు తాకింది లేదు. జంకుతూ పెట్టాడు. సన్నబడిన ఎముకల కింద, మోగుతున్న డోలు మీద చెయ్యి వేసినట్టు, సన్నటి అదురు. ఆవిడ చెప్పినట్టు ఆయన నోరు తెరిచి "హా" అని రెండుసార్లు గాలి వదిలారు. పది రోజులుగా రానిది గిన్నెలో పడింది. గుండె నిండా ఊపిరి తీసుకుని, కళ్లు మూసుకున్నారు.

ఎస్తేరమ్మ వెళ్లిపోయింది. శ్రీహరి తాను అడిగిన మాటే మరిచిపోయాడు. ఆయన మరవలేదు.

"తియ్యి నాదస్వరం."

శ్రీహరి అలవాటుగా ఫోను ఎదురుగా నిలబెట్టుకున్నాడు. ఆయన వద్దనలేదు. జరిగి వెనక కూర్చుని, శిష్యుడి వీపు మీద అరచెయ్యి ఆనించారు.

"ఇద్దరి సూదులూ నిజమే చెప్పాయిరా. లోపలి సంగతే వాటికి తెలియదు. నా చేతికి తగిలేదాకా ఊదు. తొమ్మిది రోజులు చాలు."